పెట్టె మీద తెల్ల అక్షరాలు

మంగళగిరిలో మగ్గం ఎరిగిన మనిషి చేతికి 1943 నాటి సిపాయి నడుంపట్టీ ఒకటి ఇచ్చి చూడండి. ఆయుధాల మీద మోజున్నవాళ్లు ముందు ఇత్తడి బకిల్ తిప్పి చూస్తారు. నేత తెలిసినవాళ్లు పట్టీనే వేళ్ల మధ్య నలిపి చూస్తారు. పడుగు ఎంత ఒత్తుగా పడింది, పేకలో ఎన్ని పోగులు కలిపి పేనారు, అంచు దగ్గర పోగు ఎలా మళ్లింది అని వాళ్ల చూపు అటే పోతుంది. ఇక్కడి గుంటమగ్గాల మీద 80వ నంబరు నూలుతో నేసే నిజాం అంచు చీరకూ, ముతక నూలు పోగులు కలిపి మిల్లులో నేసిన ఆ దళసరి పట్టీకీ ఎక్కడా పొంతన కుదరదు. అయినా రెండూ పత్తే. సిపాయి సామాను గురించి చెప్పాలంటే పత్తి దగ్గరే మొదలుపెట్టాలని నా నమ్మకం.

యుద్ధం అనగానే మనకు ఇనుము గుర్తుకొస్తుంది. కానీ తుపాకి సిపాయిది కాదు, సర్కారుది. పని అయిపోగానే లెక్క చూసి అప్పగించి రావాలి. పదవీ విరమణ చేసి రైలు దిగిన మనిషితో ఇంటికి వచ్చేవి వేరే ఉంటాయి. కంబళి, ఎనామిల్ మగ్గు, కిట్‌బ్యాగు, ఉన్ని జెర్సీ, సూదీ దారం సంచీ, పతకాలు, డిశ్చార్జి పుస్తకం. ఒక్కోసారి ఎవరూ అడగని నీళ్ల సీసా. పాత యుద్ధకాలపు సామాను సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మన కోస్తాలోనూ ఆ సామాను ఉంది. అటకల మీద, ధాన్యపు గదుల్లో, పాత ఇనుము కొట్ల వెనక ఇంకా దొరుకుతోంది. దాన్ని ఎలా చదవాలో తెలియక పోగొట్టుకుంటున్నాం.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సిపాయి ఒంటిమీద ఉన్నది ఎక్కువగా ‘1937 నమూనా’ వెబ్బింగ్. అంతకుముందు వాడిన 1908 నమూనా కూడా చాలా పటాలాల్లో యుద్ధం మధ్యదాకా కొనసాగింది. 1937 నమూనాలో నడుంపట్టీ, భుజాల మీదుగా వీపున అడ్డంగా దాటే రెండు పట్టాలు, ఛాతీ కింద చెరోపక్క ఒక సంచీ, వీపున చిన్న ప్యాకు, పక్కన నీళ్ల సీసాకు ఉట్టిలాంటి అల్లిక, బాయినెట్టు తగిలించుకునే తొడుగు ఉంటాయి. ఛాతీ సంచులు రైఫిల్ తూటాలకు అవసరమైనదానికంటే పెద్దవి. కారణం ఉంది. దళంలో బ్రెన్ తుపాకి ఒకరి చేతిలోనే ఉన్నా, దాని మ్యాగజైన్లను మిగతా అందరూ తలా కొన్ని మోయాలి. ఆ మ్యాగజైన్ కొలతకే సంచీ కుట్టారు. పక్కవాడి తుపాకికి తిండి తన ఛాతీ మీద మోసిన మనిషి సంచీ అది.

నీళ్ల సీసాది ఇంకో పద్ధతి. ఇనప రేకుకు ఎనామిల్ పూసి, పైన దళసరి ఉన్ని తొడుగు కుట్టి, బెండు బిరడాను తాడుతో కట్టేవారు. ఆ తొడుగును తడిపితే లోపలి నీళ్లు చల్లబడతాయి. కుండ ఎరిగిన మనకు ఆ కిటుకు కొత్తకాదు.

బ్రిటన్‌లో తయారైన పట్టీల మీద మిల్స్ కంపెనీలాంటి తయారీదారుల ముద్ర, సంవత్సరం, సర్కారు బాణం గుర్తు ఉంటాయి. భారత్‌లో తయారై తనిఖీ దాటినవాటి మీద అదే బాణం గుర్తుతో పాటు ‘ఐ’ అనే ఇంగ్లిషు అక్షరం కనిపిస్తుంది. ఇక్కడి నేత సాధారణంగా కాస్త వదులు, నూలు ముతక, రంగు పాలిపోయిన ఇసుక వన్నె. పాశ్చాత్య దేశాల సేకర్తలు చాలాకాలం వీటిని రెండో రకం సరుకుగా చూశారు. నేను అలా చూడను. హడావుడిగా, దొరికిన నూలుతో, లక్షల మందికి సరిపడా నేయాల్సి వచ్చినప్పుడు నేత ఎలా ఉంటుందో ఆ పట్టీ దాచకుండా చెబుతుంది.

ఎన్ని లక్షలు? యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. నిర్బంధ భర్తీ లేకుండా కూడగట్టిన సైన్యాల్లో చరిత్రలోనే ఇది అతి పెద్దదని చెబుతారు. ఒక్కొక్కరికీ చొక్కాలు, నిక్కర్లు, పట్టీలు, దోమతెర, దుప్పటి, గుడారంలో వాటా. పైగా 1943 తర్వాత బర్మా అడవుల్లో ఖాకీ దూరం నుంచే కనబడుతోందని ఆకుపచ్చ దుస్తులకు మారారు. కొత్తవి అందేలోపు పాత ఖాకీనే పచ్చరంగులో ముంచారు. విమానాల నుంచి సరుకు దించడానికి పారాచూట్ గుడ్డ చాలక, బర్మాలో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ మనుషులు కలకత్తా జూట్ మిల్లుల చేత జనపనారతో పారాచూట్లు చేయించారు. గోనెపట్టా దాకా వెళ్లాల్సి వచ్చిందంటే పత్తి మీద ఎంత ఒత్తిడి ఉందో ఊహించుకోవచ్చు.

ఆ ఒత్తిడి మగ్గం మీద పడింది. చేనేతకు కావలసిన నూలు వచ్చేది మిల్లుల నుంచే. మిల్లులు సైన్యం ఆర్డర్ల మీద పడ్డాయి. నూలు ధర కొండెక్కింది, తర్వాత కంటికే కనబడకుండా పోయింది. మిల్లులకూ చేనేతకూ మధ్య తగవును పరిశీలించడానికి 1941లో పి.జె.థామస్ అధ్యక్షతన సర్కారు ఒక నిజనిర్ధారణ సంఘం వేసింది. 1942లో అది నివేదిక ఇచ్చింది. 1943 జూన్‌లో వస్త్రాలు, నూలు మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. దాంతో పర్మిట్లు, కోటాలు, వాటి వెంటే నల్లబజారు వచ్చాయి. అటు సిపాయికి పట్టీ నేశారు, ఇటు పద్మశాలి ఇంట్లో గుంటమగ్గం ఖాళీగా నిలబడింది. చీరాలైనా, మంగళగిరైనా, పెడనైనా మిల్లు నూలు మీద బతికే నేతపేట అన్నిటికీ అదే కష్టం. యుద్ధకాలపు సామాను సేకరించే మన తెలుగువాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి. మిగతా దేశాల సేకర్తలకు వెబ్బింగ్ అంటే యుద్ధభూమి మాత్రమే. మనకది ఇంటిదాకా వచ్చిన యుద్ధం కూడా.

పాగా మీద తిరుగుబాటు

తెలుగు సిపాయి కథ 1939లో మొదలైంది కాదు. మచిలీపట్నం కోటలో, కొండపల్లి కొండ మీద ఈస్టిండియా కంపెనీ పటాలాలు ఉండేవి. కొండపల్లి ఖిల్లా ఎక్కితే ఇంగ్లిషు బారకాసుల గోడలు, పక్కనే వాళ్ల సమాధులు ఇప్పటికీ కనబడతాయి. దక్షిణాది నుంచి వెళ్లిన సిపాయిల పేరు ఉత్తరాదిలో ఎంతగా స్థిరపడిందంటే, 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలందరినీ ‘తిలంగాలు’ అనే పిలిచారు.

సిపాయి ఒంటిమీద వస్తువు ఎంత పెద్ద విషయమో తెలియాలంటే వేలూరు చూడాలి. 1806లో మద్రాసు సైన్యానికి కొత్త రకం పాగా తెచ్చారు. దాని మీద తోలు తురాయి. దాంతోపాటు గడ్డం గీయాలి, నొసట బొట్టు, నామం ఉండకూడదు, యూనిఫాంలో చెవిపోగులు పెట్టకూడదు అన్నారు. ఆ తోలు తమ మతాన్ని మంటగలుపుతుందని సిపాయిలు అనుకున్నారు. జులై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో తిరగబడ్డారు. అదే పాగా మీద హైదరాబాద్‌లోని కంపెనీ సైన్యంలోనూ అలజడి రేగింది. చివరకు కొత్త పాగాను వెనక్కి తీసుకున్నారు. గవర్నర్ విలియం బెంటింక్‌నూ, సైన్యాధిపతి జాన్ క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిపించుకుంది. ఒక తలపాగా గవర్నర్‌ను దింపింది. అలాంటి పాగా ఒక్కటి ఎక్కడైనా దొరికితే చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

తర్వాత ఉత్తర పశ్చిమ జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం బ్రిటిష్ అధికారులకు తలకెక్కింది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో తెలుగు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దుచేశారు. యుద్ధాలు వచ్చి మనుషులు చాలకపోయేసరికి ఆ సిద్ధాంతం పక్కకు పోయింది. 1914 తర్వాతా, 1939 తర్వాతా మన ఊళ్లలో మళ్లీ భర్తీ బల్లలు వేశారు. మద్రాస్ రెజిమెంటును రెండో యుద్ధంలో మళ్లీ లేపారు. 1780లో పుట్టి, తర్వాత బెంగళూరు కేంద్రమైన మద్రాస్ శాపర్లలో, కార్మిక దళాల్లో, సరఫరా విభాగాల్లో మనవాళ్లు చేరారు.

మాధవరం

విజయవాడ నుంచి ఏలూరు దాటి తాడేపల్లిగూడెం వెళితే, ఆ మండలంలోనే మాధవరం. ఊరి పేరు అడిగితే సరిపోదు, మిలిటరీ మాధవరం అనాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది ఈ ఊరి నుంచి వెళ్లారని ఊరివాళ్లు చెప్పే లెక్క. పూసపాటి వంశీకుల కాలంలో ఆరుగొలను కోటకు కాపలాగా ఉత్తరాంధ్ర, ఒడిశా వైపు నుంచి వచ్చి స్థిరపడిన సైనిక కుటుంబాల వారసులమని వాళ్లు చెప్పుకుంటారు. మొదటి యుద్ధకాలపు సుబేదార్ వేంపల్లి వెంకటాచలం పేరు అక్కడ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. తాత, తండ్రి, కొడుకు, మనవడు వరసగా సైన్యంలో చేసిన కుటుంబాలు అక్కడ అరుదు కాదు.

ఇలాంటి ఊళ్లలో, ఒక్క మాధవరంలోనే కాదు, సిపాయి ఇంటిని పట్టించే వస్తువు ఒకటుంది. నల్లరంగు వేసిన ఇనప పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, హోదా, పేరు, పటాలం, కొన్నిటి మీద ఊరు, దగ్గరి రైల్వే స్టేషను. ఎన్ని బదిలీలు అయితే అన్నిసార్లు ఆ అక్షరాల మీద అక్షరాలు. సిపాయిగా వెళ్లి నాయక్, హవల్దార్ అయినప్పుడు పాత హోదా చెరిపి కొత్తది రాయిస్తారు. వెలుతురు ఏటవాలుగా పడితే కింది అక్షరాలు ఉబ్బెత్తుగా తెలుస్తాయి. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా ఆ మూత మీద పొరలుగా ఉంటుంది.

లోపల ఉండేవి చాలావరకు చిన్న వస్తువులే. బొత్తాలు, సూది, దారం పెట్టుకునే గుడ్డ మడత. ఇత్తడి బొత్తాం తోమేటప్పుడు గుడ్డకు మరక పడకుండా వెనక పెట్టే చీలిక ఉన్న ఇత్తడి పలక. బర్మా వెళ్లినవాళ్లయితే మలేరియాకు వేసుకున్న మెపాక్రిన్ మాత్రల డబ్బా. ఆ మాత్రలకు ఒళ్లంతా పసుపుపచ్చగా మారేదని ఆనాటివాళ్లు చెప్పేవారు. మెడలో కట్టుకున్న గుర్తింపు బిళ్ల, నంబరుతో, పేరుతో, మతంతో. ఉత్తరాలు, వాటి మీద ఊరి పేరు ఉండదు, ఫీల్డు పోస్టాఫీసు నంబరు ఉంటుంది. స్వతంత్రం వచ్చాక వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇదే ‘కేరాఫ్ 56 ఏపీఓ’, ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అయింది. మొగుడు ఎక్కడున్నాడో తెలియకుండా ఒక అంకెకు ఉత్తరం రాసిన ఆడవాళ్లు మన ఊళ్లలో వేలల్లో ఉన్నారు. అన్నిటికీ అడుగున డిశ్చార్జి పుస్తకం. ఎత్తు, పుట్టుమచ్చలు, పనిచేసిన పటాలాలు, వెళ్లిన దేశాలు, పొందిన పతకాలు, నడవడి ఎలాంటిది అన్న ఒక్క మాట.

ఈ వ్యాసం రాయడానికి నాకున్న కారణం ఒక్కటే. ఈ పెట్టెను విడదీయకండి.

విడదీయడం చాలా తేలిక, దానికి ఎవరికీ చెడ్డ ఉద్దేశం కూడా ఉండనక్కరలేదు. పెద్దాయన పోయాక పతకాలు పెద్దకొడుకు ఇంటికి వెళతాయి. పెట్టెలో చిన్నకోడలు బియ్యమో పాత బట్టలో పోసుకుంటుంది. కాగితాలు చెద తింటాయి. మిగిలింది పాత సామాన్ల వ్యాపారి కొంటాడు. ఆయన పతకాలు ఒకచోట, నీళ్ల సీసా ఒకచోట, బెల్టు ఒకచోట అమ్ముతాడు. విడివిడిగా అమ్మితేనే ఎక్కువ గిట్టుతుంది. ఆ నీళ్ల సీసాలు ఒకప్పుడు లక్షల సంఖ్యలో తయారయ్యాయి, మళ్లీ ఒకటి దొరుకుతుంది. ఫలానా నంబరు సిపాయి బర్మాలో మోసిన నీళ్ల సీసా ఒక్కటే. నంబరూ మనిషీ తోడుగా ఉన్నంతవరకే దానికి ఆ విలువ.

పతకం అంచు

పతకాల విషయంలో భారతీయ కుటుంబాలకు ఒక భాగ్యం ఉంది, చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలు, అంటే 1939-45 స్టార్, బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, బ్రిటిష్ సిపాయిలకు పేరు లేకుండా ఇచ్చారు. లండన్‌లో దొరికే బర్మా స్టార్ ఎవరిదో చెప్పడం చాలాసార్లు అసాధ్యం. భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కించారు. నక్షత్రానికైతే వెనకవైపు, గుండ్రటి పతకానికైతే అంచు మీద. యుద్ధకాలంలో భారత్‌లోనే పనిచేసినవాళ్లకు ఇచ్చిన ఇండియా సర్వీస్ మెడల్ వెనక మన దేశపటం ఉబ్బెత్తుగా ఉంటుంది. 1965 యుద్ధపు సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ కూడా అంచు చదవదగ్గవే. భూతద్దం పట్టుకుని, మధ్యాహ్నపు వెలుతురులో, పతకాన్ని నెమ్మదిగా తిప్పుతూ చదవాలి. ఇంగ్లిషు గుమస్తాలు తెలుగు పేర్లను విన్నట్టు రాశారు కాబట్టి ఇంటిపేరు వింతగా కనబడవచ్చు. నంబరు మాత్రం తప్పదు. దాన్ని డిశ్చార్జి పుస్తకంతో, పెట్టె మూతతో సరిపోల్చితే మనిషి దొరికినట్టే.

తిరిగి రానివాళ్లకు ఇంకో దారి ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాల్లో పేరు, పటాలం వెతకవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారక స్తంభాల మీద సమాధి కూడా దక్కని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి, వాటిలో భారత సైనికులవి ఎన్నో. రెండో ప్రపంచ యుద్ధం మొత్తంలో చనిపోయిన మన సైనికులు సుమారు 87,000 మంది.

మొదటి యుద్ధపు పతకాలకు పట్టిన గతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. బ్రిటిష్ వార్ మెడల్ మంచి వెండి. కరువు వచ్చినా, పెళ్లి వచ్చినా కంసాలి దగ్గరికి చేరింది. రాజు బొమ్మా, అంచు మీది పేరూ మూసలో కరిగి కాలిపట్టాలయ్యాయి. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారి ఆకాశానికి పోయినప్పుడు బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. ఆకలికి అమ్ముకున్నవాళ్లను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. మిగిలినవాటినైనా ఇక కరగనివ్వకూడదు.

యుద్ధం అమ్ముకున్న సరుకు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబును విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. కోస్తా అంతటా భయం పాకింది. యుద్ధకాలంలో గన్నవరం సైనిక స్థావరమైంది, తాడేపల్లిగూడెంలో రన్‌వే వేశారు. బెజవాడ జంక్షన్ మీదుగా సైనిక రైళ్లు సాగాయి.

యుద్ధం ఆగాక ఆ సామానంతా మిగిలిపోయింది. సర్కారు డిస్పోజల్స్ శాఖ పెట్టి వేలం వేసింది. లారీలు, జీపులు, గుడారాలు, కంబళ్లు, బూట్లు, పెట్రోలు డబ్బాలు. సైనిక లారీ చట్రాల మీద చెక్కబాడీ కట్టి బస్సులుగా తిప్పిన కాలం అది. గ్రేట్‌కోటు రాత్రి కాపలావాడి ఒంటిమీదికి, నీళ్ల సీసా పొలంగట్టు మీదికి, తూటాల పెట్టె మెకానిక్ పనిముట్ల పెట్టెగా షెడ్డులోకి వెళ్లాయి. ఈ సామానుకు సిపాయి పేరు లేదు, ఒకరి ఒంటి చెమట తగలకుండా గోదాం నుంచి నేరుగా బయటికి వచ్చింది కూడా ఉంది. నిజాయతీ ఉన్న సేకర్త ఈ రెండింటినీ కలపడు. డిస్పోజల్ సామాను మన రవాణా, మరమ్మతు వృత్తుల చరిత్ర, దాని విలువ దానిదే. దాన్ని తెచ్చి ఇంఫాల్ యుద్ధంలో వాడినదని చెప్పడం మాత్రం చనిపోయినవాళ్లకు చేసే అన్యాయం.

మన మ్యూజియాల్లో సైనిక విభాగం అంటే కత్తులు, డాళ్లు, కవచాలు. విజయవాడ బాపు మ్యూజియంలోనూ అవి ఉన్నాయి. 1887 జూన్ 27న అప్పటి కృష్ణా కలెక్టర్ రాబర్ట్ సూయెల్ పునాదిరాయి వేసిన విక్టోరియా జూబిలీ మ్యూజియం అది. 1921లో బెజవాడలో కాంగ్రెస్ పెద్దలు సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన చరిత్రతో ముడిపడిన చోటు. ఆ వెంకయ్య కూడా సిపాయే. భట్లపెనుమర్రులో పుట్టి, పందొమ్మిదేళ్ల ప్రాయంలో సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. జెండా గురించి పిల్లలకు చెబుతాం, ఆయన కట్టిన సైనిక దుస్తుల గురించి చెప్పం. అదే భవనంలో కృష్ణా, గుంటూరు, గోదావరి ఊళ్ల నుంచి వెళ్లిన సిపాయిల సామానుకు ఒక్క బీరువా కేటాయిస్తే చాలు. ఒక నల్లపెట్టె, దానిలోని సామాను అంతా, ఆ మనిషి పేరుతో. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్, బెంగళూరులో మద్రాస్ శాపర్లు తమ చరిత్రను తమ మ్యూజియాల్లో దాచుకున్నాయి. ఊరి చరిత్రను ఊరికి దగ్గరలో మనం దాచుకోవాలి.

డెల్టా గాలిలో

దాచుకోవడం మాటల పని కాదు. కృష్ణా డెల్టాలో గాలి సగం నీరు, సముద్రం దగ్గరైతే ఉప్పు కూడా. పత్తి పట్టీకి బూజు, ఇత్తడికి పచ్చ చిలుము, ఉన్నికి పురుగు, ఇనుముకు తుప్పు. ఇంట్లోవాళ్లు శ్రద్ధకొద్దీ చేసే మొదటి పని ఉతకడం. అదే వద్దు. సిపాయి తన పట్టీకి తడిపి పూసిన బ్లాంకో అనే రంగు పొరలు, లోపలివైపు సిరాతో వేసిన సంవత్సరం ముద్ర, చేత్తో రాసుకున్న నంబరు, అన్నీ ఒక్క ఉతుకుతో పోతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఇత్తడిని తళతళలాడేలా తోమితే అచ్చులు అరిగిపోతాయి. తోలుకు నూనె పట్టిస్తే కొన్నేళ్లకు నల్లబడి జిగురు తేలుతుంది. పెట్టెకు కొత్త రంగు వేయించడం అన్నిటికంటే పెద్ద నష్టం.

చుట్టడానికి ప్లాస్టిక్ సంచి వాడొద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. రంగు వేయని, గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డ కావాలి. అది మంగళగిరిలో దొరకదని ఎవరూ అనలేరు. బెల్టును మడవకుండా చుట్టగా పెట్టాలి. మడత పడ్డచోటే నూలు తెగుతుంది. ఉన్ని సామానును వానాకాలం అయ్యాక, కార్తీకంలో గాలి పొడిబారినప్పుడు, నీడలో ఆరబెట్టి చూసుకోవాలి. కాగితాలు, ఫొటోలు వేరే కవర్లో పెట్టి, ఏ పెట్టెలోవో దాని మీద రాయాలి. అన్నిటికంటే ముందు, ఏ వస్తువు పెట్టెలో ఎక్కడుందో అక్కడే ఫొటో తీయాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్కో వస్తువు చేతికిచ్చి వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయాలి. వస్తువు చేతిలో ఉన్నప్పుడు జ్ఞాపకం దానంతటదే వస్తుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. తుపాకి, దాని భాగాలు, పేలని తూటా ఏదైనా 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచకూడదు, తాతగారిదైనా సరే. బాయినెట్టు కూడా ఆయుధ నిబంధనల జాబితాలో ఉంది, దొరికితే పోలీసులను అడిగాకే ముట్టుకోవడం మేలు. పాత ఇనుములో గుండో బాంబో కనబడితే తాకకుండా దూరం జరిగి కబురు చేయాలి. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, మొదటి ప్రపంచ యుద్ధపు సామాను ఇప్పుడు ఆ వయసుకు చేరింది, దేశం దాటించే ఆలోచన పెట్టుకోవద్దు. సైనికుడిగా జనాన్ని నమ్మించడానికి యూనిఫాం వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. 2022 జనవరి 15న సైన్యం తెచ్చిన కొత్త పోరాట దుస్తుల డిజైన్‌ను రిజిస్టరు చేయించారు, బజారులో ఆ గుడ్డ కుట్టి అమ్మడం కుదరదు.

ఇక నకళ్లు. పాశ్చాత్య దేశాల్లో పాత యుద్ధాలను దుస్తులు వేసుకుని తిరిగి నటించే సంఘాలున్నాయి. వాళ్ల కోసం 1937 నమూనా పట్టీలు, 1908 నమూనా సంచులు ఇవాళ భారత్‌లోనే కుట్టి ఎగుమతి చేస్తున్నారు. నకలుగా అమ్మితే అందులో తప్పులేదు. వాటినే టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఎండలో పారేసి, పాతవని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ నేత తెలిసిన కన్ను పనికొస్తుంది. వాడిన పట్టీ అంతటా ఒకేలా అరగదు. బకిల్ ఒరిసినచోట, భుజం మీద, తుంటి దగ్గర అరుగుతుంది. డికాక్షన్ పట్టీకి మడత లోపల కూడా అదే రంగు ఉంటుంది. కుట్టు దారం నైలాన్ అయితే ఇక మాట్లాడే పనిలేదు.

ఒక్క విషయంలో మాత్రం అనుభవం ఉన్న వ్యాపారులు కూడా తడబడతారు. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాకుండా కంచుది కనబడితే డూప్లికేటని పక్కన పడేస్తారు. అది నకిలీ కాదు. తుపాకి పట్టనివాళ్లకు ఆ పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. మూటలు మోసినవాళ్లు, కంచరగాడిదలు తోలినవాళ్లు, డోలీ మోసినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, బట్టలు ఉతికినవాళ్లు, పాకీ పని చేసినవాళ్లు. చైనా, మాల్టా, భారత కార్మిక దళాలు అన్నీ కలిపి అలాంటివి సుమారు 1,10,000 ఇచ్చారు. బొమ్మ అదే, రిబ్బను అదే, యుద్ధం అదే, లోహం మాత్రం తక్కువది. వెండి విలువ లేదు కాబట్టి కంసాలి మూసలోకి పోలేదు, చాలాచోట్ల పిల్లల ఆటసామాన్లలో కలిసింది. దాని అంచు మీద కూడా నంబరు, పేరు, దళం ఉంటాయి. హోదా ఉండాల్సిన చోట ‘కూలీ’ అనో ‘భిస్తీ’ అనో చెక్కి ఉంటుంది. మాల, మాదిగ, చాకలి, యానాది ఇళ్లలో వెతకాల్సిన పతకం ఇది. ఆ ఇళ్లవాళ్లకు ఇది వాళ్ల తాత పేరని చదివి వినిపించాల్సిన బాధ్యత అక్షరం వచ్చిన సేకర్తది.